ఎముకలో నిలిచిన చీము – కొన్ని తెలుసుకోవలసిన సంగతులు

నేను వైద్యుణ్ణి కాను, బడిపంతులిని. చాలా ఏళ్ల క్రితం ఎనిమిదో తరగతిలో ఒక పిల్లవాడు మోకాలి కింద గుడ్డ కట్టుకుని వచ్చేవాడు. దెబ్బ తగిలిందన్నాడు. మూడు నెలలైనా ఆ గుడ్డ తీయలేదు. పక్కన కూర్చునే పిల్లలు వాసన వస్తోందని జరిగిపోయేవారు. నేను హాజరుపట్టీలో గైర్హాజరు వేసుకుంటూ పోయానే తప్ప, గుడ్డ విప్పించి చూడలేదు. ఆ పుండు చర్మానిది కాదని, ఎముకదని తర్వాత తెలిసింది. దాన్ని డాక్టర్లు ఆస్టియోమైలైటిస్ అంటారు.

ఇది ఎక్కువగా స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే సూక్ష్మజీవి వల్ల వస్తుంది. సెగగడ్డ నుంచో గాయం నుంచో రక్తంలో చేరి, పిల్లల్లో పొడవాటి ఎముకలు పెరిగే చోట నిలుస్తుంది. జ్వరం, విపరీతమైన నొప్పి, కాలు కదపలేకపోవడం మొదటి లక్షణాలు. ఎక్స్‌రేలో మార్పు కనిపించడానికి పది రోజుల నుంచి రెండు వారాలు పడుతుంది కనుక, తొలి ఎక్స్‌రే బాగుందని ధైర్యపడకూడదు. మనవాళ్లు నూనె రాసి తోమించేదీ, నాటు కట్టు కట్టించేదీ సరిగ్గా ఈ రోజుల్లోనే. వెంటనే యాంటీబయాటిక్ పడితే చాలామందికి కోత లేకుండానే నయమవుతుంది. పెద్దల్లో మాత్రం షుగరు వ్యాధి వల్ల కాలి పుండు, రోడ్డు ప్రమాదంలో విరిగిన ఎముక ముఖ్య కారణాలు.

ఆలస్యమైతే చీము ఒత్తిడికి రక్తనాళాలు మూసుకుపోయి, ఎముకలో కొంత ముక్క చచ్చిపోతుంది. ఇక్కడే అసలు చిక్కు. మందు రక్తంతోనే ప్రయాణించాలి, చచ్చిన ముక్కకు రక్తం అందదు. వంశధార కాలువ తెగితే చివరి మడికి నీరెలా అందదో ఇదీ అంతే. పైగా సూక్ష్మజీవులు ఆ ముక్క మీద జిగట పొర అల్లుకుని దాక్కుంటాయి. అందుకే సర్జన్ చచ్చిన ఎముకను తొలగించి, చీమును పరీక్షకు పంపి, ఏ మందుకు లొంగుతుందో చూసి ఆరు వారాల పాటు ఇస్తారు. ఇదంతా సూదిమందే కానక్కర్లేదు. బ్రిటన్‌లో వెయ్యిమందికి పైగా రోగులపై జరిపి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, తగిన మాత్రలు కూడా అంతే బాగా పనిచేశాయని తేలింది. క్షయ వల్ల కూడా ఎముక చీము పడుతుంది. దాని మందులు వేరు కనుక ఆ పరీక్షా తప్పదు.

ఇక హోమియో. మన ఇళ్లలో దానిమీద నమ్మకం ఎక్కువ. రాజమండ్రిలో అల్లు రామలింగయ్య గారి పేరున ప్రభుత్వ హోమియో కళాశాలే ఉంది. చీము పుండ్లకు సైలీషియా, హెపార్ సల్ఫ్ ఇస్తారు. ఆ పిల్లవాడి తల్లి కూడా "మాత్రలు వేస్తే మూసుకుంటోంది మాస్టారూ, మళ్లీ తెరుచుకుంటోంది" అనేది. మూసుకుని తెరుచుకోవడం ఈ రోగం స్వభావం. మూసుకున్నప్పుడు మాత్రకు పేరొస్తుంది. చిన్న ఎముక ముక్క తనంతట తానే బయటపడినా అంతే. 2015లో ఆస్ట్రేలియా జాతీయ వైద్య పరిశోధన మండలి అధ్యయనాలన్నీ పరిశీలించి, హోమియో ఏ జబ్బుకూ పనిచేస్తుందనడానికి నమ్మదగిన ఆధారం లేదని ప్రకటించింది. ఇష్టమైనవారు వేసుకోవచ్చు, నేను అడ్డు చెప్పను. కానీ దాన్ని నమ్ముకుని ఆపరేషన్ వాయిదా వేయకూడదు. ఏళ్ల తరబడి కారే పుండు అరుదుగా క్యాన్సర్‌గా కూడా మారుతుంది.

ఆరోగ్యశ్రీ 2007లో తొలి విడతగా మొదలైన మూడు జిల్లాల్లో మన శ్రీకాకుళం ఒకటి. పథకం పేరు మారుతూ వచ్చింది. ఏ చికిత్సకు వర్తిస్తుందో ఆసుపత్రిలో అడగాలి. అయితే దాతలు గమనించవలసిన ఖర్చు వేరే ఉంది. ఆ పిల్లవాడికి విశాఖలో ఆపరేషన్‌కు డబ్బు పట్టలేదు. బస్సు ఛార్జీలు, కట్టు గుడ్డలు, బయట కొన్న మందులు, అన్నిటికన్నా తల్లి పోగొట్టుకున్న ఆరు వారాల కూలి, వీటికి చెవిదుద్దులు తాకట్టు పెట్టారు. వాడు కర్ర సాయంతో బడికి తిరిగి వచ్చేసరికి సంవత్సరాంత పరీక్షలు అయిపోయాయి.