ముడి ఇరుక్కున్న చోట

కొండలెక్కే వాళ్ళ సాహసాలు మనం చాలా వింటాం. వాళ్ళకి దెబ్బ తగిలితే వెతుక్కుంటూ వెళ్ళే వాళ్ళ గురించి వినేది తక్కువ. ఆ పని అనుభవం మీద నేర్చుకున్నదే. అందుకు సాక్ష్యం స్విట్జర్లండులోని ఐగర్ పర్వతం. ఎత్తు 3,967 మీటర్లు. ఉత్తరపు గోడ ఒక్కటే సుమారు 1,800 మీటర్లు.

1936 జూలైలో ఆ గోడ ఎక్కబోయిన నలుగురిలో ముగ్గురు పోగా, టోనీ కుర్జ్ ఒక్కడే తాడుకు వేలాడుతూ మిగిలాడు. కొండ లోపలి రైలు సొరంగానికున్న కన్నంలోంచి గైడ్లు బయటికొచ్చినా అతన్ని చేరలేకపోయారు. రాత్రంతా చలిలో వేలాడి, ఒక చెయ్యి గడ్డకట్టినా, కుర్జ్ తాడు పేటలు విప్పి, వాటిని ముడేసి కిందికి వదిలాడు. గైడ్లు దానికి తాడు కట్టి పంపారు. పొడుగు చాలక రెండు తాళ్ళు కలిపారు. దిగుతుండగా ఆ ముడి అతని ఇనుప కొక్కెంలో ఇరుక్కుంది. గైడ్లకు కొద్ది మీటర్ల పైన ప్రాణం విడిచాడు.

గైడ్లకు ధైర్యం లేక కాదు. చావుకు దగ్గరైన మనిషే తన రక్షణకు పని చెయ్యాల్సి రావడంలో ఉంది చిక్కంతా.

1957 ఆగస్టులో ఇటలీ వాడు క్లాడియో కోర్టి అదే గోడ మీద చిక్కుకున్నాడు. ఈసారి పద్ధతి మారింది. మ్యూనిక్ రక్షకదళానికి చెందిన లుడ్విగ్ గ్రామింగర్, ఇంకా పలు దేశాల వాళ్ళు శిఖరం మీదికెక్కి ఉక్కుతీగ అమర్చారు. నారతాడులా ఉక్కు సాగదు. డ్రమ్ముకు చుట్టి మెల్లగా వదిలితే బరువులో చాలాభాగం ఘర్షణే మోస్తుంది. ఆల్ఫ్రెడ్ హెల్లెపార్ట్ 300 మీటర్లకు పైగా దిగి, కోర్టిని వీపున కట్టుకుని పైకి చేరాడు. ఆ గోడ నుంచి రక్షకులు ప్రాణాలతో తెచ్చిన మొదటి మనిషి అతనే.

కాని వాతావరణం చెడి, మరికొంత కిందనున్న స్టెఫానో లాంగీని తేలేకపోయారు. వాళ్ళతో కలిసి ఎక్కిన ఇద్దరు జర్మన్లు కనబడకపోతే, లోకం కోర్టినే అనుమానించింది. 1961లో వాళ్ళ శవాలు శిఖరానికి అవతలి వైపు, దిగే దారిలో దొరికాకగాని నింద తొలగలేదు.

ఇప్పుడు హెలికాప్టరుకు కట్టిన పొడవాటి తాడుతో మనిషిని నేరుగా గోడ దగ్గరికి దింపుతున్నారు. అయితే మబ్బు కమ్మినా, గాలి రేగినా హెలికాప్టరు ఆగిపోవలసిందే. అప్పుడు మళ్ళీ కాళ్ళూ, తాళ్ళూ, తోటి మనుషులే దిక్కు. అందుకే ఈ దళాలు ఏ ప్రమాదమూ లేని రోజుల్లో కూర్చుని ముడులు వేస్తాయి, విప్పుతాయి, మళ్ళీ వేస్తాయి. కుర్జ్ నేర్పిపోయిన పాఠం అది.