కొత్త డీజిల్ కారుకు ఏ ఆయిల్?



కొత్త డీజిల్ కారు షోరూము గడప దాటేటప్పటికే దాని ఇంజన్‌లో ఫ్యాక్టరీలో పోసిన ఆయిల్ ఉంటుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా అమల్లోకి వచ్చిన బీఎస్-6 కాలుష్య నిబంధనల ప్రకారం తయారైన డీజిల్ కార్లకు మొదటి కిలోమీటర్ల కోసం వేరే ఆయిల్ వెతకాల్సిన పని లేదు. కొత్త ఇంజన్ భాగాలు ఒకదానికొకటి ఒదిగే రన్నింగ్ ఇన్ కాలానికి కూడా ఆ ఆయిలే. యజమాని చూసుకోవాల్సినవి మూడు: బండిని నడిపే తీరు, డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం, ఆయిల్ మార్చే రోజున డబ్బా మీద ఉండాల్సిన రకం.

మెకానిక్ షెడ్లలో వినిపించే మాట దీనికి భిన్నంగా ఉంటుంది. మొదటి వెయ్యి కిలోమీటర్లకే ఆయిల్ దించెయ్యాలని, మొదట్లో మినరల్ ఆయిలే పోయాలని, సింథటిక్ పోస్తే రింగులు కూర్చోవని అక్కడ చెబుతారు. ఆ మాట పుట్టిన కాలానికి అది సబబే. అంబాసిడర్ డీజిల్ రోడ్ల మీద తిరిగిన రోజుల్లో సిలిండర్ లోపలి పని ఇప్పటంత నున్నగా ఉండేది కాదు. మొదటి వందల కిలోమీటర్లలో రజను ఎక్కువగా రాలి ఆయిల్‌లో కలిసేది. అందుకే ఆయిల్ తొందరగా మార్చేవారు, వెనక అద్దానికి ‘రన్నింగ్ ఇన్’ అని రాసి పెట్టుకుని నెమ్మదిగా నడిపేవారు. ఇప్పటి ఇంజన్ల కొలతలు, ఫిల్టర్లు, ఆయిళ్లు అన్నీ మారాయి. మినరల్, సింథటిక్ తగువు కూడా పాతబడింది. 1992 నుంచి అమెరికాలో కార్వెట్ కార్లు ఫ్యాక్టరీలోనే సింథటిక్ ఆయిల్‌తో బయటికి వస్తున్నాయి. వాటి రింగులు కూర్చోకుండా ఏమీ పోలేదు.

రింగులు కూర్చోవడం అంటే ఏమిటో తెలిస్తే మిగతాది తేలిక. సిలిండర్ గోడ మీద ఫ్యాక్టరీలో అడ్డదిడ్డంగా సన్నని గీతలు పెడతారు. వాటిలో ఆయిల్ నిలుస్తుంది. పిస్టన్ రింగు గోడ మీద జారుతున్న కొద్దీ ఆ గీతల పైఅంచులు అరిగి, రింగూ గోడా ఒకదానికొకటి ఒదుగుతాయి. రింగును గోడకేసి నొక్కేది ముఖ్యంగా ఇంధనం మండినప్పుడు పుట్టే గ్యాసు ఒత్తిడి. ఆ గ్యాసు రింగు వెనకకు చేరి దాన్ని బయటికి తోస్తుంది. ఇంజన్ మీద బరువు పడినప్పుడే ఈ ఒత్తిడి పెరుగుతుంది. గంటల తరబడి ఐడిల్‌లో వదిలేసినా, ఎప్పుడూ నత్తనడకనే నడిపినా రింగుకు చాలినంత ఒత్తిడి అందదు. అప్పుడు గోడ మీద ఆయిల్ మాడి నున్నటి పొర కడుతుంది. ఆ తర్వాత రింగు పక్క నుంచి గ్యాసు కిందికి జారడం, ఆయిల్ తగ్గిపోవడం మొదలవుతాయి. కాబట్టి కొత్త ఇంజన్‌కు మరీ సుకుమారం పనికిరాదు, మొరటుతనమూ పనికిరాదు.

హ్యుందాయ్, కియా కార్లతో ఇచ్చే పుస్తకాలు మొదటి 1,000 కిలోమీటర్ల వరకు ఇంజన్‌ను రేజ్ చేయవద్దని, ఒకే వేగంతో ఎక్కువసేపు పోవద్దని, గట్టి బ్రేకులు వేయవద్దని చెబుతాయి. మొదటి 2,000 కిలోమీటర్లు ట్రైలర్ లాగకూడదు. మా పుత్తూరు నుంచి రేణిగుంట వైపు, నగరి వైపు సాగే చెన్నై–తిరుపతి రోడ్డు ఈ పనికి అనువైనది. ఊళ్లు వచ్చినచోట వేగం తగ్గుతుంది, ఖాళీ రోడ్డులో పెరుగుతుంది, గేర్లు మారుతూ ఉంటాయి. ఇంజన్ వేడెక్కాక యాక్సిలరేటర్‌ను సగం, ముప్పావు దాకా నొక్కి వేగం పెంచడం, మళ్లీ కాలు తీసి బండిని దానంతట అది తగ్గనివ్వడం రింగులకు మంచిది. క్రూజ్ కంట్రోల్ పెట్టి చెన్నై దాకా ఒకే వేగంతో పోవడం మంచిది కాదు.

ఈ ప్రాంతంలో కొత్త కారు మొదట పోయేది తిరుమలకే. ఆ ప్రయాణాన్ని కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక పెట్టుకుంటే ఇంజన్‌కు మేలు. ముందే పోవాల్సి వస్తే మనుషులను, సామాన్లను తగ్గించుకోవాలి. అలిపిరి దాటి ఎక్కేటప్పుడు పై గేరులో ఇంజన్‌ను మూలిగించకుండా ఒక గేరు దించి నడపాలి. కొండ మీద ఆగగానే తాళం తిప్పేయకుండా ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచితే, వేడెక్కిన టర్బో బేరింగుకు ఆయిల్ అందుతూ అది చల్లబడుతుంది. దిగే ఘాట్‌లో అదే పనిగా బ్రేకు మీద కాలు పెట్టకుండా తక్కువ గేరులో దిగాలి, ఎందుకంటే ఇంజన్‌తో పాటు బ్రేకు ప్యాడ్లూ కొత్తవే.

ఇక ఆయిల్ రకం. డబ్బా మీద కంపెనీ పేరు కన్నా దాని వెనక చిన్న అక్షరాల్లో ఉండే ప్రమాణం ముఖ్యం. బీఎస్-6 డీజిల్ కార్లలో పొగగొట్టం దారిలో డీపీఎఫ్ అనే మసి వడపోత ఉంటుంది. అందులో చేరిన మసిని ఇంజన్ అప్పుడప్పుడు సుమారు 600 డిగ్రీల వేడిలో కాల్చేస్తుంది. ఆయిల్‌లోని లోహపు మందులు మాత్రం, పొయ్యిలో కట్టె కాలిపోయినా బూడిద మిగిలినట్టు, అందులోనే మిగిలిపోతాయి. ఆ బూడిద ఏళ్ల తరబడి చేరి వడపోతను మూసేస్తుంది. అందుకే ఈ కార్లకు బూడిద తక్కువ మిగిల్చే ఆయిల్ కావాలి. ఏసీఈఏ అనే ప్రమాణంలోని సీ2, సీ3, సీ5 రకాల్లో బూడిద 0.8 శాతానికి మించదు. డీపీఎఫ్ లేని పాత కార్లకు వాడే ఏ3/బీ4 రకంలో అది 1 శాతానికి తగ్గదు. హైవే పక్క లారీల కోసం అమ్మే సీఐ-4 రకం 15డబ్ల్యూ-40 ఆయిల్‌ను ‘మొదట్లో మినరలే మంచిది’ అని బీఎస్-6 కారులో పోస్తే రింగులకు ఒరిగేదేమీ ఉండదు, వడపోతకు మాత్రం చేటు.

చిక్కదనం గురించి కూడా ఒక అపోహ ఉంది. పుత్తూరు ఎండలకు పలచటి ఆయిల్ ఆగదని, 40 నంబరే పోయాలని చాలామంది అంటారు. 5డబ్ల్యూ-30లో మొదటి అంకె చలిలో ఆయిల్ ఎలా కదులుతుందో చెబుతుంది, రెండోది ఇంజన్ వేడెక్కాక, అంటే 100 డిగ్రీల దగ్గర, ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది. బయట 42 డిగ్రీలున్నా, 25 ఉన్నా కూలెంటూ థర్మోస్టాటూ ఇంజన్ వేడిని దాదాపు ఒకే స్థాయిలో ఉంచుతాయి. కాబట్టి పుస్తకంలో 30 అని ఉంటే ఎండాకాలంలోనూ 30 చాలు. శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు పికప్‌లోని 1.9 లీటర్ల ఇంజన్‌కు రాసిన రకమూ, పెనుకొండ దగ్గర తయారయ్యే కియాలోని 1.5 లీటర్ల ఇంజన్‌కు రాసిన రకమూ ఒకటే కానక్కరలేదు. పక్కింటివాళ్ల కారులో పోసిన ఆయిల్ మనకు ప్రమాణం కాదు.

మొదటి ఉచిత సర్వీసు సుమారు 1,000 కిలోమీటర్లకు వస్తుంది. అందులో చాలా కంపెనీలు తనిఖీతో సరిపెడతాయి, ఆయిల్ మార్చవు. అది మోసం కాదు. ఆయిల్ మార్పు సాధారణంగా 10,000 కిలోమీటర్లకో ఏడాదికో, ఏది ముందైతే దానికి ఉంటుంది. మొదటి ఆయిల్‌లో లోహపు రజను తర్వాతి ఆయిళ్లలో కన్నా ఎక్కువే ఉంటుంది, అయితే దానిలో పెద్ద రేణువులను ఫిల్టర్ పడుతుంది. మనసొప్పక 2,000 దగ్గర ఒకసారి ఆయిల్, ఫిల్టర్ మార్పించినా నష్టమేమీ లేదు, ఖర్చు తప్ప. అలా మార్పించినా రకం అదే ఉండాలి, బిల్లు దాచాలి. రాపిడి తగ్గిస్తాయని అమ్మే సీసా మందులను మాత్రం ఈ కాలంలో దగ్గరికి రానివ్వకూడదు. రింగులు ఒదగడానికి ఆ కాస్త రాపిడి కావాలి.

డిప్‌స్టిక్‌ను మొదటి 1,000 కిలోమీటర్లలో వారానికొకసారి చూడాలి. బండిని సమంగా ఉన్న నేల మీద నిలిపి, వేడెక్కిన ఇంజన్‌ను ఆపి, అయిదు పది నిమిషాలు ఆగి, కడ్డీని తీసి తుడిచి, మళ్లీ పూర్తిగా దించి తీయాలి. మట్టం రెండు గుర్తుల మధ్య ఉంటే చాలు. డీజిల్ ఇంజన్‌లో కొత్త ఆయిల్ కొద్ది రోజుల్లోనే నల్లబడుతుంది, అది మసిని తనలో పట్టుకుంటున్నందుకు గుర్తే తప్ప పాడైనందుకు కాదు. కొత్తలో మట్టం కాస్త తగ్గడమూ మామూలే. మట్టం పెరిగితేనే జాగ్రత్తపడాలి. పుత్తూరు బజారు నుంచి నారాయణవనం దాకా వెళ్లి రావడంతోనే రోజులు గడిచే కారులో మసి కాల్చే పని మధ్యలో ఆగిపోతూ ఉంటుంది. దానికోసం అదనంగా చిమ్మిన డీజిల్ సిలిండర్ గోడ మీదుగా జారి ఆయిల్‌లో కలుస్తుంది. మట్టం పై గుర్తు దాటి, కడ్డీ డీజిల్ వాసన కొడితే గడువు కోసం చూడకుండా ఆయిల్ మార్చాలి. వారానికొకసారి తిరుపతి దాకా ఆగకుండా నడిపితే చాలావరకు ఈ ఇబ్బంది రాదు.

పాత పద్ధతి చెల్లేది ఒక్కచోటే: బోరు చేయించి, కొత్త రింగులు వేసిన పాత ఇంజన్‌కు. షెడ్డులో చేసిన పనికి ఫ్యాక్టరీ నునుపు రాదు, రజను ఎక్కువ రాలుతుంది. డీపీఎఫ్ లేని అలాంటి బండికి మొదట మినరల్ ఆయిల్ పోసి 500 నుంచి 1,000 కిలోమీటర్ల లోపు ఫిల్టర్‌తో సహా మార్చడం సరైన పనే.

ఆయిల్ బయట కొనాల్సి వస్తే కంపెనీ బంకులోనో, గుర్తింపు ఉన్న డీలరు దగ్గరో కొనాలి. మూత సీలు, బ్యాచి నంబరు, తయారీ తేదీ చూసి, డబ్బాను కళ్లెదుటే తెరిపించాలి. ఖాళీ డబ్బాకు చిల్లు పెట్టి పారేస్తే అందులో నకిలీ ఆయిల్ నింపి మళ్లీ అమ్మే వీలుండదు. బిల్లు మీద ఆయిల్ రకం, కారు నంబరు, తిరిగిన కిలోమీటర్లు రాయించుకోవాలి. రేపు ఇంజన్‌కు ఏదైనా వచ్చి వారంటీ అడిగితే చూపించాల్సింది ఆ కాగితమే.