చిట్టెలుక చెప్పిన చదువు పాఠం

పిల్లలూ! తుంగతుర్తిలో ఒక బడి, అందులో ఆరో తరగతి అనుకోండి. ఆ తరగతిలో ఒక కుర్రవాడు ఉన్నాడు. సూర్యాపేట బస్సు ఏ వేళకు వస్తుందో, ఏ వేళకు పోతుందో తడుముకోకుండా చెబుతాడు. కాని కొత్త రకం లెక్క ఇస్తే పాత పద్ధతినే పట్టుకుని వదలడు. రోజూ కూర్చునే చోటు మారిస్తే చెవులు మూసుకుని ఏడుస్తాడు. తోటివాళ్లు "మొద్దు" అంటారు. పెద్దవాళ్లు "గారాబం ఎక్కువైంది" అంటారు. ఈ రెండు మాటలూ తప్పే. ఎందుకు తప్పో ఒక చిట్టెలుకను అడిగి తెలుసుకుందాం.

ఆటిజం అంటే ఏమిటి?

1943లో అమెరికాలో లియో కానర్ అనే వైద్యుడు 11 మంది పిల్లలను శ్రద్ధగా గమనించి, వారి తీరును ఒక వ్యాసంలో వర్ణించాడు. దానినే ఇప్పుడు ఆటిజం అంటున్నాం. ఇటువంటి పిల్లలకు ఇతరులతో మాట కలపటం, ఎదుటివారి ముఖం చూసి మనసు గ్రహించటం కష్టం. అలవాటైన పద్ధతి మారితే కలవరపడతారు. వీరిలో కొందరు చదువులో అందరితో సమానంగా ఉంటారు, కొందరు ముందుంటారు. మరికొందరికి నేర్చుకోవటమే కష్టమవుతుంది. తల్లిదండ్రుల ప్రేమ చాలకనే ఇలా అవుతుందని ఒకప్పుడు కొందరు అన్నారు. అది నిజం కాదని తేలిపోయింది. ఇది మెదడు ఎదిగే తీరులో ఉన్న తేడా.

మరి ఆ తేడా మెదడులో ఎక్కడ ఉంది? బతికి ఉన్న పిల్లవాడి మెదడును తెరిచి చూడలేం కదా! అందుకే శాస్త్రజ్ఞులు ఎలుకల సాయం తీసుకున్నారు.

ఒక జన్యువు మూగబోతే

ఆటిజానికి కారణాలు అనేకం. వందలాది జన్యువులకు దీనితో సంబంధం ఉంది. ఒకే ఒక్క జన్యువులోని లోపం వల్ల ఆటిజం వచ్చే సందర్భాలలో ఎక్కువగా కనిపించేది "ఫ్రాజైల్ ఎక్స్" అనే స్థితి. దీనికి మూలమైన ఎఫ్.ఎం.ఆర్.1 జన్యువును 1991లో కనుగొన్నారు. అది ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. మగపిల్లలకు ఎక్స్ క్రోమోజోము ఒక్కటే కాబట్టి వారికి ఇబ్బంది ఎక్కువ. ఈ జన్యువు పనిచేయకపోతే ఒక మాంసకృత్తు తయారుకాదు. 1994లో నెదర్లాండ్స్, బెల్జియం శాస్త్రజ్ఞులు ఇదే జన్యువు పనిచేయని చిట్టెలుకలను సృష్టించారు.

మన మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉన్నాయి. ఒక కణం మరో కణానికి వార్త అందించే చోటును సైనాప్స్ అంటారు. వార్తను అందుకునే కణపు కొమ్మల మీద చాలాచోట్ల ముళ్లవంటి చిన్న బుడిపెలు ఉంటాయి. మనం ఏదైనా నేర్చుకున్నప్పుడు కొన్ని సైనాప్సులు బలపడతాయి, కొన్ని బలహీనపడతాయి.

మన చెలకల్లో పత్తి మొలకలు ఒకేచోట రెండు మూడు వస్తే రైతు ఏం చేస్తాడు? బలమైనదాన్ని ఉంచి మిగిలినవి పీకేస్తాడు. ఎదిగే మెదడు కూడా అవసరం లేని సైనాప్సులను తీసేస్తూ ఉంటుంది. ఫ్రాజైల్ ఎక్స్ ఉన్నవారి మెదడులో ఈ బుడిపెలు ఎక్కువగా, సన్నగా, పొడుగ్గా ఉన్నాయి. అంటే ఒత్తుగా మొలిచి ముదరని మొక్కల వంటివన్నమాట. అనేక పరిశోధనల్లో చిట్టెలుకలలోనూ ఇదే కనిపించింది.

ఆ లోపించిన మాంసకృత్తు చేసే పని ఏమిటి? సైనాప్సుల దగ్గర ఇతర మాంసకృత్తులు అతిగా తయారుకాకుండా అది బండికి బ్రేకులా పనిచేస్తుంది. బ్రేకు లేకపోతే సైనాప్సుల బలం సరిగా సర్దుకోదు.

నీటితొట్టిలో పరీక్ష

1981లో బ్రిటన్ శాస్త్రజ్ఞుడు రిచర్డ్ మోరిస్ ఒక పరీక్షను వివరించాడు. గుండ్రని తొట్టిలో పాలలా తెల్లగా చేసిన నీళ్లు పోస్తారు. నీటి అడుగున కనబడకుండా ఒక చిన్న పీట ఉంచుతారు. ఎలుక ఈది ఈది పీటను కనుక్కుంటుంది. గదిలోని గుర్తులను బట్టి దాని చోటును జ్ఞాపకం పెట్టుకుంటుంది.

1994లో ఆ జన్యువు లేని చిట్టెలుకలకు ఈ పరీక్ష పెట్టారు. అవి పీట ఉన్న చోటు నేర్చుకున్నాయి! తరువాత పీటను మరో చోటికి మార్చారు. అప్పుడు మాత్రం వాటికి మామూలు చిట్టెలుకల కంటే ఎక్కువ సమయం పట్టింది. చూశారా! అవి మొద్దులు కావు. పాతదాన్ని విడిచి కొత్తదానికి మారటమే వాటికి కష్టమైంది. పాత లెక్క పద్ధతిని వదలని మన కుర్రవాడు గుర్తుకు వస్తున్నాడు కదూ!

మన పొరుగున ఉన్న బెంగుళూరులోనూ ఈ పరిశోధన జరిగింది. అక్కడి జాతీయ జీవశాస్త్ర కేంద్రంలో సుమంత్ర చటర్జీ బృందం భయానికి, ఉద్వేగాలకు సంబంధించిన అమిగ్డలా అనే భాగాన్ని పరిశీలించింది. ఈ చిట్టెలుకలలో అక్కడి సైనాప్సులు బలపడే శక్తి తగ్గిందని 2010లో తెలిపింది.

ఎలుకకు పనిచేసింది, మనిషికో?

2019లో ఎడిన్‌బరో, బెంగుళూరు శాస్త్రజ్ఞులు కలిసి మరొక ఫలితం ప్రకటించారు. ఇదే జన్యువు లేని పెద్ద జాతి ఎలుకలకు, అయిదు వారాల వయసు నుంచి నాలుగు వారాలపాటు లోవాస్టాటిన్ అనే మందు ఇచ్చారు. ఏ వస్తువు, ఏ చోట, ఏ సందర్భంలో కనిపించిందో గుర్తుంచుకునే శక్తి వాటికి వచ్చింది. మందు ఆపిన మూడు నెలల తరువాత కూడా అది నిలిచింది.

ఇంకేం, మందు దొరికిందనుకుంటున్నారా? ఆగండి. ఎలుక మనిషి కాదు. చిట్టెలుకలలో చక్కగా పనిచేసిన మరో మందు, పెద్దవారిలోనూ యువకులలోనూ ఆశించిన మేలు చేయలేదని 2016లో ప్రకటించారు. లోవాస్టాటిన్‌ను కూడా అమెరికాలో ఫ్రాజైల్ ఎక్స్ ఉన్న పిల్లల మీద పరీక్షించి, ఫలితాన్ని 2020లో తెలిపారు. పిల్లలను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు మందు, రెండో జట్టుకు మందులేని ఉత్త గోళీ ఇచ్చారు. రెండు జట్లలోనూ తల్లిదండ్రులు పిల్లలతో మాట్లాడే ప్రత్యేక పద్ధతి నేర్చుకుని ఇంట్లో పాటించారు. రెండు జట్ల భాషా మెరుగుపడింది. మందు వల్ల అదనంగా కలిగిన లాభం కనిపించలేదు.

మనం చేయగలిగింది

చిట్టెలుక చెప్పిన పాఠం ఇది: నేర్చుకోవటంలో కష్టం సోమరితనం కాదు, మొండితనం కాదు. కంటికి కనబడని సైనాప్సుల దగ్గర ఉన్న తేడా. కాబట్టి అటువంటి స్నేహితునికి ఒకసారికి ఒకే పని చెప్పండి. మార్పు ఉంటే ముందుగా చెప్పండి. బొమ్మ గీసి చూపండి. వెక్కిరించకండి.

ఇటువంటి పిల్లల కోసం సికిందరాబాదులోని మనోవికాస్ నగర్‌లో 1984లో స్థాపించిన జాతీయ సంస్థ ఉంది. తెలంగాణ మండలాల్లో భవిత కేంద్రాలు నడుస్తున్నాయి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం కూడా చేరింది. కనుక బడిలో చోటు, తగిన సాయం ఆ పిల్లల హక్కు. అవి మనం చూపే దయ కాదు.

ఆలోచించి చెప్పండి

1. జన్యువు లేని చిట్టెలుకకు నీటితొట్టి పరీక్షలో ఏ భాగం కష్టమైంది?
2. మందును పరీక్షించేటప్పుడు ఒక జట్టుకు ఉత్త గోళీ ఎందుకు ఇస్తారు?
3. మీ తరగతిలో రేపు కూర్చునే చోట్లు మారుతున్నాయి. మార్పంటే బెదిరే స్నేహితునికి ఈరోజే మీరు ఏం చెబుతారు?