పాత జావాకి కొత్త కంపైలర్

బహ్రెయిన్‌లో 2006 నుంచి వారాంతపు సెలవు శుక్ర, శనివారాలు. కాబట్టి ఇక్కడ మనవాళ్ళు కొత్త వెర్షన్ ఎక్కించేది గురువారం సాయంత్రం. మనామాలో ఒక క్లయింటుకి నేనూ అలాగే ఎక్కించాను. అప్లికేషను చక్కగా లేచింది, ఇంటికెళ్ళిపోయాను. ఆదివారం పొద్దున్న మొదటి బిల్లుల ఫైలు రాగానే నోసచ్‌మెథడ్‌ఎర్రర్! ఆ రోజు ఒక్క బిల్లూ కదల్లేదు. తప్పు నాదే. అలాంటి ఆదివారం మీకు రాకూడదనే ఈ నాలుగు మాటలు.

సర్వరులో ఉన్నది జావా 8, నా లాప్‌టాప్‌లో జేడీకే 11. ఆ తేడా తెలుసు కాబట్టే "-సోర్స్ 8 -టార్గెట్ 8" అని ఇచ్చి కంపైల్ చేశాను. ఇవి చేసే పనేమిటో చూద్దాం.

సోర్స్ అనేది భాష నియమాలకి సంబంధించింది. జావా 10లో వచ్చిన "వార్" వాడితే కంపైలర్ ఒప్పుకోదు. టార్గెట్ అనేది క్లాస్ ఫైలు మీద వేసే ముద్ర. జావా 8కి 52, జావా 11కి 55. ముద్ర 55 ఉంటే జావా 8 గుమ్మంలోనే ఆపేస్తుంది.

మరి లైబ్రరీ సంగతి? దాన్ని ఈ రెండూ పట్టించుకోవు. కంపైలర్ చూసేది జేడీకే 11 లైబ్రరీనే. నా కోడులో బైట్‌బఫర్ మీద ఫ్లిప్ మెథడ్ పిలిచాను. జావా 8లో ఆ మెథడ్ బఫర్ అనే మాతృ క్లాసులో ఉంది, తిరిగి ఇచ్చేదీ బఫరే. జావా 9 నుంచి బైట్‌బఫర్‌కి సొంత ఫ్లిప్ వచ్చింది, అది బైట్‌బఫర్‌ని ఇస్తుంది. క్లాస్ ఫైలులో మెథడ్ పేరుతో పాటు అది తిరిగిచ్చే టైపు కూడా రాసి ఉంటుంది. ఆ టైపుతో ఉన్న ఫ్లిప్ కోసం జావా 8 వెతికింది, దొరకలేదు. పైన పటారం, లోన లొటారం! ఆ లైను నడిచేదాకా తప్పు బయటపడదు కూడా.

బూట్‌స్ట్రాప్ క్లాస్‌పాత్ ఇవ్వలేదని కంపైలర్ హెచ్చరించింది, నేనే చూడలేదు.

మందు చిన్నదే. 2017లో జేడీకే 9తో "--రిలీజ్" వచ్చింది. "--రిలీజ్ 8" అంటే భాష, ముద్ర, లైబ్రరీ మూడూ జావా 8వే. అప్పుడు జావా 9లో వచ్చిన లిస్ట్.ఆఫ్ లాంటివి వాడితే కంపైల్ దగ్గరే దొరికిపోతాయి. మావెన్ వాడేవారు మావెన్.కంపైలర్.రిలీజ్ విలువ 8 అని పెడితే చాలు.

రెండు జాగ్రత్తలు. మీరు కలిపే బయటి జార్‌లకి ఈ రక్షణ లేదు, వాటి ముద్రలు విడిగా చూసుకోండి. అలాగే పాత వెర్షన్లు ఎల్లకాలం ఉండవు: జేడీకే 12 నుంచి జావా 6కి, 20 నుంచి జావా 7కి కంపైల్ చేయడం కుదరదు.

ఇక చివరి మాట. క్లయింటు దగ్గర ఏ జావా ఉందో అదే జావా మీద, ఒక నిజమైన ఫైలుతో నడిపి చూశాకే గురువారం ఇంటికి వెళ్ళండి.