ఫైబర్ స్విచ్ ఆగితే ఏం చేయాలి? – ఒక పని పాఠం



మన ఆత్మకూర్ సాంఘిక సంక్షేమ వసతి గృహంలో చదువుకుని, ఇప్పుడు నెట్‌వర్కు పనుల్లో ఉన్న పూర్వ విద్యార్థులం మేము. వార్షికోత్సవ సంచికకు ఏం రాద్దామా అని ఆలోచిస్తే, మాకు అన్నం పెడుతున్న పని గురించే రాయడం మంచిదనిపించింది.

హాస్టల్ పిల్లలకు ఈ విషయం దూరమేమీ కాదు. ఉపకార వేతనం దరఖాస్తు ఈ-పాస్‌లో ఆన్‌లైన్‌లోనే పెట్టాలి. గడువు రోజున లైన్ పడిపోతే ఒక పేద విద్యార్థి ఫీజు ఆగిపోవచ్చు. ఆ లైన్ చివర ఉండే పెట్టెనే స్విచ్ అంటాం. ఒక తీగలో వచ్చిన సమాచారాన్ని చూసి, ఏ కంప్యూటరుకు పోవాలో ఆ దారిలోకి పంపడమే దాని పని.

వెలుతురు ఎలా ప్రయాణిస్తుంది?

పదో తరగతి భౌతికశాస్త్రంలో సంపూర్ణాంతర పరావర్తనం చదివే ఉంటారు. గాజు పోగు లోపలి భాగానికి వక్రీభవన గుణకం ఎక్కువ, పై పొరకు తక్కువ. అందుకే లోపలికి పంపిన కాంతి బయటికి పోకుండా పోగు వెంబడే సాగుతుంది. 1954లో హాప్‌కిన్స్, పంజాబులో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ కలిసి గాజు పోగుల కట్ట గుండా బొమ్మను పంపి చూపించారు. గాజులోని మలినాలు తీసేస్తే కాంతిని చాలా దూరం పంపవచ్చని 1966లో చార్లెస్ కావ్ చెప్పారు. ఆయనకు 2009లో నోబెల్ బహుమతి వచ్చింది.

పల్లెలకు ఈ పోగును చేర్చే పథకానికి కేంద్రం 2011లో ఆమోదం తెలిపింది. అదే తర్వాత భారత్‌నెట్ అయింది. తెలంగాణలో మిషన్ భగీరథ నీళ్ల పైపుల కోసం తవ్విన కందకాల్లోనే టీ-ఫైబర్ గొట్టాలు కూడా వేశారు.

దూర ప్రాంతాలకు వాడే పోగులో కాంతి నడిచే భాగం వెడల్పు సుమారు 9 మైక్రాన్లే. మన తల వెంట్రుక దానికి ఎన్నో రెట్లు లావు. కంటికి కనిపించని దుమ్ము కణం కూడా ఆ దారికి అడ్డుబండ అవుతుందని దీన్నిబట్టి అర్థం చేసుకోండి.

మాకు జరిగిన అనుభవం

ఒక మండల కేంద్రంలో దరఖాస్తుల గడువు దగ్గరపడ్డ రోజుల్లో స్విచ్ పోర్టు లైటు ఆరిపోయింది. చూడవచ్చిన మనిషి "పెట్టె కాలిపోయింది, కొత్తది రావాలి" అని చెప్పి వెళ్లిపోయాడు. పిల్లలు రెండు రోజులు వచ్చి తిరిగిపోయారు. మూడో రోజు మేము వెళ్లి పవర్ మీటరు పెట్టి చూశాం. కనెక్టర్ మొన మీద మట్టి ఉంది. తుడిచి పెట్టగానే లైటు వెలిగింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. ఆ రోజు నుంచి ఒక వరుస పెట్టుకున్నాం. దాన్ని ఎప్పుడూ తప్పలేదు.

వెతకవలసిన వరుస

1. కరెంటు: ముందుగా యూపీఎస్, బ్యాటరీ, ప్లగ్గు, ఎర్తింగ్ చూడాలి. ఫ్యాను తిరుగుతోందా, గాలి రంధ్రాలు మూసుకుపోయాయా చూడాలి. మన ఎండలకు, దుమ్ముకు స్విచ్ వేడెక్కి ఆగిపోవడం మామూలే.

2. లైట్లు: అన్ని పోర్టులూ ఆరిపోతే కరెంటునో, పెట్టెనో అనుమానించాలి. ఒక్క పోర్టే ఆరితే ఆ దారినే వెతకాలి.

3. శుభ్రత: నూలు పోగులు రాలని గుడ్డ, ఐసోప్రొపైల్ ఆల్కహాలు వాడాలి. చొక్కా అంచుతో తుడవకూడదు, నోటితో ఊదకూడదు. తీసిన మొనకు వెంటనే టోపీ పెట్టాలి.

4. ప్యాచ్ కార్డు: వంపు బొటనవేలంత చిన్నదైతే కాంతి బయటికి కారిపోతుంది. ఎలుక కొరికిందా చూడాలి. రెండు పోగుల లైన్‌లో పంపే కొస అవతల అందుకునే కొసకే చేరాలి. పచ్చ కనెక్టర్ మొన ఏటవాలుగా ఉంటుంది, నీలిది అలా ఉండదు. ఆ రెంటినీ కలపకూడదు.

5. ఎస్‌ఎఫ్‌పి మాడ్యూల్: కరెంటును కాంతిగా, కాంతిని కరెంటుగా మార్చేది ఇదే. స్విచ్ ఆపకుండానే తీసి మార్చవచ్చు. బాగున్న దాన్ని పెట్టి చూస్తే తప్పు దానిదో కాదో తేలిపోతుంది. ఒకే పోగు మీద నడిచే రకమైతే రెండు కొసల మాడ్యూళ్లు జోడు కలవాలి.

6. లైను: ఇవన్నీ బాగుంటేనే బయటి కేబుల్‌ను అనుమానించాలి.

ఒక లెక్క

కాంతి నష్టాన్ని డెసిబెల్‌లో కొలుస్తాం. 3 డెసిబెల్ నష్టమంటే కాంతి సగం పోయినట్టు. 10 కిలోమీటర్ల లైను అనుకోండి. కిలోమీటరుకు 0.35 చొప్పున 3.5, నాలుగు అతుకులకు 0.1 చొప్పున 0.4, రెండు కనెక్టర్లకు 0.5 చొప్పున 1, మొత్తం 4.9. అవతలి నుంచి మైనస్ 6 డీబీఎం బయలుదేరితే ఇక్కడ దాదాపు మైనస్ 11 అందాలి. మీటరు మైనస్ 24 చూపిస్తే 13 డెసిబెల్ దారిలో ఎక్కడో పోయిందన్న మాట. ఆ కాంతి మామూలు పది కిలోమీటర్ల మాడ్యూలుకు చాలదు. పెట్టె కాలలేదు, దానికి వెలుతురు అందడం లేదు!

తెగిన చోటు పట్టడానికి ఓటీడీఆర్ ఉంది. బావిలో కేకేస్తే ప్రతిధ్వని వచ్చినట్టు, అది పంపిన కాంతి తెగిన చోట తగిలి వెనక్కి వస్తుంది. గాజులో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. 40 మైక్రోసెకన్లకు తిరిగి వస్తే, పోవడానికి పట్టింది 20. అంటే కేబుల్ 4 కిలోమీటర్ల దగ్గర తెగింది. జేసీబీ తవ్విన గుంత అక్కడే ఉంటుంది.

జాగ్రత్త

పోగు మొనలోకి కంటితో ఎప్పుడూ చూడకండి. ఆ కాంతి కనిపించదు, కానీ కన్ను పోగొట్టగలదు. తెగిన గాజు ముక్కలు చర్మంలో గుచ్చుకుంటే బయటికి రావు. వాటిని టేపుకు అంటించి డబ్బాలో వేయండి. దూరపు లైన్ల బలమైన మాడ్యూలు పంపే కొసను పొట్టి తీగతో అందుకునే కొసకు నేరుగా కలిపితే అది కాలిపోతుంది.

చివరిగా

స్విచ్ పక్కన ఒక నోటుపుస్తకం పెట్టండి. బాగా నడుస్తున్న రోజునే ప్రతి పోర్టులో ఎంత కాంతి అందుతోందో తేదీతో రాసి ఉంచండి. చెడిన రోజు ఆ అంకెలే దారి చూపిస్తాయి.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ఇది పెద్ద పట్నాల వాళ్లకే వచ్చే విద్య కాదు. పదో తరగతి పాఠం, కూడికలు తీసివేతలు, ఓపిక ఉంటే చాలు. ఐటీఐ, పాలిటెక్నిక్ చదివినవాళ్లు నేర్చుకోగలిగిన పనే. మన ఊరి లైను ఆగినప్పుడు ఎవరో వచ్చే దాకా ఎదురుచూడకుండా, మన పిల్లలే బాగుచేసే రోజు రావాలని కోరుకుంటున్నాం. ఏ అనుమానం ఉన్నా వార్షికోత్సవం రోజున మమ్మల్ని అడగండి. పవర్ మీటరు తెస్తాం, మీ చేతికే ఇస్తాం.