నడవమన్నారు సరే, నడిచే దారేది?

షుగరు, బి.పి., గుండె జబ్బు - ఏ జబ్బుకు వైద్యం చేయించుకున్నా ఇంటికి పంపేటప్పుడు డాక్టరు గారు తప్పకుండా చెప్పే మాట ఒకటి ఉంది: "రోజూ అరగంట నడవండి". మందుల చీటీ పట్టుకుని మెడికల్ షాపుకు వెళ్తే మందులు ఇస్తారు. మరి నడక సంగతి? మొగల్తూరు లాంటి ఊళ్ళో అయితే కాలువ గట్టో, హైస్కూలు గ్రౌండో ఉంటుంది. కానీ ఆపరేషన్ అయ్యాక కొడుకు దగ్గరో కూతురు దగ్గరో ఉండటానికి హైదరాబాదుకో, విజయవాడకో వెళ్ళిన పెద్దవాళ్ళు ఎక్కడ నడవాలి? గేటు దాటగానే మోటారు సైకిళ్ళు, ఆటోలు. నాలుగు రోజులు ప్రయత్నించి, భయపడి, ఇంట్లోనే కుర్చీకి అతుక్కుపోతారు. "నాన్నగారూ, బయటికి వెళ్ళకండి, ఏ బండో గుద్దేస్తుంది" అని మనమే ఆపేస్తాం.

అలా ఆపడం వల్ల జరిగే నష్టం వెంటనే కనబడదు. పెద్దవాళ్ళు వారానికి కనీసం 150 నిమిషాలు ఒంటికి పని చెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నడిచేటప్పుడు కండరాలు రక్తంలోని చక్కెరను వాడుకుంటాయి, బి.పి. అదుపులోకి వస్తుంది. నడక మానేస్తే తొడల కండ పలచబడుతుంది, నిలదొక్కుకునే శక్తి తగ్గుతుంది. చివరికి బాత్రూములో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుని మళ్ళీ ఆసుపత్రికే వస్తారు. బండి గుద్దుతుందని ఇంట్లో కూర్చోబెట్టినందుకు దక్కే ఫలితం ఇదీ.

అలాగని మన భయం ఉత్తుత్తి భయం కాదు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 32,825 మంది కాలినడకన వెళ్తున్నవారే. అంటే రోజుకు సుమారు 90 మంది. వీళ్ళెవరూ వేగంగా వెళ్ళినవాళ్ళు కారు, ఎవరినీ గుద్దినవాళ్ళు కారు.

ఒక చిన్న లెక్క వేసి చూడండి. రెండు వరుసల రోడ్డు వెడల్పు సుమారు 7 మీటర్లు. మోకాళ్ళ నొప్పులున్న మామ్మగారు సెకనుకు 80 సెంటీమీటర్లు నడుస్తారనుకుంటే, అవతలి గట్టు చేరడానికి దాదాపు 9 సెకన్లు పడుతుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఆ 9 సెకన్లలో 100 మీటర్లు వచ్చేస్తుంది. 60 కిలోమీటర్ల వేగమైతే 150 మీటర్లు. శుక్లాలున్న కళ్ళకు 150 మీటర్ల దూరంలో ఉన్న మోటారు సైకిలు ఎంత వేగంతో వస్తోందో తెలియదు. చెవులు సరిగా వినబడకపోతే హారన్ కూడా ఆదుకోదు. దెబ్బ తీవ్రత కూడా వేగాన్ని బట్టే ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం కారు వేగం 50 నుంచి 65 కిలోమీటర్లకు పెరిగితే, గుద్దించుకున్న మనిషి చనిపోయే ప్రమాదం నాలుగున్నర రెట్లవుతుంది. అందుకే జనం తిరిగే వీధుల్లో 30 కిలోమీటర్లు దాటకూడదని ప్రపంచమంతటా వైద్యులు, ఇంజనీర్లు పట్టుబడుతున్నారు.

ఇక ఫుట్‌పాత్‌ల సంగతి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ అనే సంస్థ 2012లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఫుట్‌పాత్ మీద ఏ అడ్డమూ లేకుండా నడవడానికి కనీసం 1.8 మీటర్ల జాగా ఉండాలి. అంచు ఎత్తు 15 సెంటీమీటర్లు మించకూడదు. నగరంలో మీరు చూసే ఫుట్‌పాత్‌ను ఈ కొలతలతో పోల్చి చూడండి. కొన్నిచోట్ల మోకాలెత్తు ఉంటుంది, ఎక్కాలంటే చెయ్యి పట్టుకోవాలి. ఎక్కాక పది అడుగులకు ట్రాన్స్‌ఫార్మర్, ఆ తర్వాత ఎవరిదో బండి, ఆ తర్వాత పగిలిన పలక కింద డ్రైనేజీ. జనం రోడ్డు మీద నడుస్తున్నారని డ్రైవర్లు తిట్టుకుంటారు గాని, ఫుట్‌పాత్ ఉంటే రోడ్డు మీద ఎవరు నడుస్తారు? తోపుడు బళ్ళవాళ్ళను అందరూ ముందుగా తప్పు పడతారు. వాళ్ళకు చోటు కేటాయించాలని 2014లోనే చట్టం వచ్చింది. నిజానికి వాళ్ళకంటే ఎక్కువ జాగా ఆక్రమించేవి నిలిపి ఉంచిన కార్లు.

రోడ్డు దాటడానికి పాదచారుల వంతెనలు కడుతున్నారు. హైదరాబాదులో ఉప్పల్ కూడలిలో 2023లో 660 మీటర్ల స్కైవాక్ తెరిచారు, దానికి లిఫ్టులు, ఎస్కలేటర్లు కూడా పెట్టారు. అంత పెద్ద కూడలిలో అది ఉపయోగమే. కానీ ప్రతి చోటా వంతెన కట్టడమంటే బళ్ళు ఆగకుండా పోవడానికి మనిషిని మెట్లెక్కించడమే. మోకాళ్ళు అరిగిన రోగికి, గర్భిణికి, చక్రాల కుర్చీలో ఉన్నవారికి కావలసింది నేల మీద జీబ్రా గీతలు, చాలినంత సేపు వెలిగే పచ్చ లైటు.

అదే హైదరాబాదులో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరులో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ప్రారంభించారు. పైన సోలార్ పలకల నీడ ఉంటుంది. ఆదివారం వ్యాయామానికి బాగుంటుంది. కానీ తెల్లవారుజామున పాలు, పేపర్లు వేసే కుర్రవాడు, డ్యూటీ దిగి ఇంటికి వెళ్ళే వాచ్‌మన్, పనిముట్ల సంచీ తగిలించుకున్న తాపీ మేస్త్రీ - రోజూ సైకిలు తొక్కేది వీళ్ళు. వీళ్ళ దారి ఊరి మధ్య నుంచి పోతుంది. అక్కడ ఒక గీత గీసి నాలుగు అడుగులు వదిలినా వీళ్ళకు మేలే.

మార్పు జరిగిన చోట్లు కూడా ఉన్నాయి. చెన్నైలో ఎప్పుడూ కిటకిటలాడే పాండీ బజారులో 2019లో బళ్ళ జాగా తగ్గించి వెడల్పాటి నడక దారులు వేశారు. హైదరాబాదు ట్యాంక్ బండ్ మీద 2021లో ఆదివారం సాయంత్రాలు వాహనాలు ఆపితే, పిల్లలు, ముసలివాళ్ళు రోడ్డు మధ్యన నడిచారు. నెదర్లాండ్స్ దేశం సంగతి వింటే ఇంకా ఆశ్చర్యం. మన డెల్టాలాగే కాలువలూ పల్లపు నేలా ఉన్న దేశం అది. అక్కడ మొదటి నుంచీ సైకిళ్ళకు రాజమార్గాలు ఉన్నాయనుకోకండి. 1971లో ఒక్క ఏడాదే అక్కడ 3,000 మందికి పైగా రోడ్ల మీద చనిపోయారు, అందులో 400 మందికి పైగా పిల్లలు. తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చి "మా పిల్లల్ని చంపకండి" అని అడిగాక ప్రభుత్వం కదిలింది.

మన దగ్గర అడగడానికి ఇప్పుడు గట్టి ఆధారం ఉంది. అడ్డంకులు లేని, వికలాంగులకు కూడా వీలైన ఫుట్‌పాత్ పౌరుల జీవించే హక్కులో భాగమని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. నగరంలో మీ పిల్లలుండే కాలనీ సంఘం ద్వారా కార్పొరేషన్‌కు అర్జీ పెట్టేటప్పుడు ఈ మాట రాయండి. "రోడ్డు బాగు చేయండి" అని కాకుండా, ఫలానా ఆసుపత్రి ముందు జీబ్రా గీతలు, ఫలానా బడి దగ్గర స్పీడ్ బ్రేకరు అని చోటు చెప్పి అడిగితే పని జరిగే అవకాశం ఎక్కువ.

మన ఊళ్ళ తప్పులూ లేకపోలేదు. సార్వా, దాళ్వా కోతల రోజుల్లో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి చుట్టూ రాళ్ళు పెడతాం. చీకటి పడ్డాక సైకిలు మీద వచ్చేవాడికి ఆ రాయి కనబడదు. కళ్ళం చోటు దొరకని రైతు కష్టం తెలిసిందే, కనీసం సాయంత్రానికి రాళ్ళయినా తీసేయాలి.

మీ రోగిని నడకకు పంపేటప్పుడు కొన్ని జాగ్రత్తలు తీసుకోండి. ఫుట్‌పాత్ లేని రోడ్డులో కుడి పక్కన, ఎదురొచ్చే బళ్ళు కనబడేలా నడవమనండి. తెల్లవారుజామున, చీకటి వేళ తెల్లని లేదా లేత రంగు బట్టలు వేయండి. అరగంట ఒకేసారి కుదరకపోతే పది నిమిషాల చొప్పున మూడుసార్లు నడిచినా సరిపోతుంది. షుగరు ఉన్నవారు చెప్పులు లేకుండా నడవకూడదు, గుచ్చుకున్న ముల్లు వారికి తెలియకపోవచ్చు. ఇన్సులిన్ తీసుకునేవారు ఖాళీ కడుపుతో సైకిలు తొక్కకూడదు. జేబులో నాలుగు చాక్లెట్లు ఉంచండి. చెమటలు పట్టి వణుకు వస్తే అక్కడే ఆగి తినాలి. నడిచేటప్పుడు ఛాతీ బరువెక్కితే వెంటనే ఆగి డాక్టరుకు చూపించాలి.

ప్రమాదం కంటబడితే కేసు అవుతుందని తప్పుకుపోకండి. సాయపడినవారిని వేధించకూడదని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది, 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలోనూ రక్షణ కల్పించారు. మీరు సాక్షిగా ఉండాలని, పేరు చెప్పాలని ఎవరూ బలవంతం చేయకూడదు. 108కి ఫోన్ చేయండి, జాతీయ రహదారి మీదైతే 1033కి కూడా చేయవచ్చు. మెడకు, వెన్నుకు దెబ్బ తగిలిందేమో అనిపిస్తే లేపి కూర్చోబెట్టకండి, స్పృహ లేనివారి నోట్లో నీళ్ళు పోయకండి, కారే రక్తాన్ని శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టుకోండి. 2025 మే నుంచి అమలులోకి వచ్చిన కేంద్ర పథకం కింద, గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో ప్రమాద బాధితులకు మొదటి 7 రోజుల్లో లక్షన్నర రూపాయల వరకు డబ్బు కట్టకుండా వైద్యం చేస్తారు. చేర్పించేటప్పుడే ఆ విషయం అడగండి.