ఇవాళ ఎవరి పక్కన నిలబడ్డావు?

బడి తెరిచి వారాలు గడిచినా నోటుబుక్కులో పేజీ నిండలేదు, అడిగితే రోజంతా ఆటలేనట! ఒకటో తరగతి పిల్లల తల్లిదండ్రుల్లో ఈ దిగులు చాలా సహజం. అయినా టీచరుగారిని అప్పుడే నిలదీయకండి. ఒకటో తరగతి మొదటి మూడు నెలలూ ఆటపాటలతోనే పిల్లల్ని చదువుకు సిద్ధం చేయడానికి ఎన్‌సీఈఆర్‌టీ 2021లో ‘విద్యాప్రవేశ్’ రూపొందించింది. అంతకు వందేళ్ల ముందు, 1920లో, భావనగర్‌లో బాలమందిరం తెరిచిన గిజుభాయి బధేకా కూడా పిల్లల మనసు గెలిచాకే పాఠం అన్నారు.

అమ్మ కనుచూపు మేరలో ఉంటే పసివాళ్లు ధైర్యంగా కొత్త చోట్లన్నీ తిరిగి చూస్తారు. పిల్లల అనుబంధాలపై జీవితమంతా పనిచేసిన జాన్ బౌల్బీ గట్టిగా చెప్పిన విషయమిదే. తరగతిలో అమ్మ ఉండదు. ఆ ధైర్యం టీచరు దగ్గరో, పక్క పిల్లల దగ్గరో దొరకాలి. ‘అందరితో స్నేహంగా ఉండు’ అని మనం చెప్పినంత మాత్రాన అది దొరకదు. కలిసి ఆడితే దొరుకుతుంది.

మన ‘వీరి వీరి గుమ్మడిపండు’నే చూడండి. ఒకరు కళ్లు మూస్తారు, ఇంకొకరు ఎదురుగా వచ్చి నిలబడతారు, ఆ వచ్చిందెవరో పేరు చెప్పాలి. చెప్పాలంటే తరగతిలో అందరి పేర్లూ తెలియాలి. గొంతు, నవ్వు, గాజుల చప్పుడు గుర్తుపట్టాలి. మూలన కూర్చునే పిల్ల పేరు కూడా ఏదో ఒక పూట ఎవరో ఒకరి నోట పలుకుతుంది. తన పేరు తోటిపిల్లల నోట విన్న పిల్లకు ఆ గది కాస్త తనదవుతుంది. కొత్తగా చేరినవాళ్లకు ఇంతకన్నా మంచి ఆట నాకు తోచదు.

అన్ని ఆటలూ ఇలా కలపవు. ఓడినవాళ్లను పక్కన కూర్చోబెట్టే ఆటలో ముందుగా బయటికి వెళ్లేది తరచూ బెరుకున్న పిల్లలే. అలాంటిచోట కుర్చీలాటనే కొంచెం మార్చవచ్చు. కుర్చీలు తగ్గుతూ పోవాలి గానీ పిల్లలు తగ్గకూడదు. మిగిలిన కుర్చీల్లోనే అందరూ సర్దుకుని కూర్చోవాలి. తల్లిదండ్రుల సమావేశంలో టీచరుగారికి ఈ మాట మెల్లగా చెప్పి చూడండి. మీ బాబు ఆటలోకి రావడానికి జంకితే బలవంతపెట్టకుండా, ముందు కొన్నాళ్లు చప్పట్లతో తాళం వేసే పని ఇమ్మని కోరండి. వాడికి ఇంట్లో ఏ ఆట ఇష్టమో కూడా చెప్పండి. టీచరుకు అది ఎంతో ఉపయోగపడే కబురు.

ఇంట్లో మాత్రం ‘అల్లరి చేస్తే టీచరుకు చెబుతా’ అనడం ఇవాళే మానేయండి. పిల్లకు అండగా ఉండాల్సిన మనిషిని మనమే బూచిని చేస్తున్నాం. సాయంత్రం ‘ఏం రాశావు?’ అని కాకుండా ‘ఎవరి పక్కన నిలబడ్డావు? ఎవరు నవ్వించారు?’ అని అడగండి. ఒకే పేరు పదేపదే వినిపిస్తుంటే, ఆదివారం ఆ పిల్లను మీ ఇంటికి ఆడుకోవడానికి పిలవండి.

వారాలు గడుస్తున్నా ఏడుపు తగ్గకపోయినా, బడికి వెళ్లే పొద్దునే కడుపునొప్పి వస్తున్నా దొంగవేషాలని కోప్పడకండి. ముందు టీచరుతో మాట్లాడండి, అవసరమైతే పిల్లల డాక్టరుకు చూపించండి.